బావగారి రుమాలు

మా బావగారు పోయిన నెలలో రిటైరయ్యారు. శాఖవాళ్ళు ఒక చిన్న పుస్తకం అచ్చువేసి, అందులో ఆయన మీద రెండు పేజీల వ్యాసం పెట్టారు. "ఉగ్రవాదుల గుండెల్లో నిద్రపోయిన ధీరుడు, అవినీతిపరుల పాలిట సింహస్వప్నం" అని మొదలవుతుంది అది. చదవగానే నాకు ఒళ్ళు మండింది. ఆయన నిద్రపోయింది మా ముందుగదిలో, పడక్కుర్చీలో, పేపరు మొహం మీద కప్పుకుని. ముప్పై నాలుగేళ్ళు నేను కళ్ళారా చూశాను. ఆ వ్యాసం రాసినవాడెవరో గానీ ఆయన్ని ఒక్క పూటైనా దగ్గరుండి చూసి ఉండడు. అందుకే నేను కలం పట్టాను. నేను రచయిత్రిని కాను, ముప్పై రెండేళ్ళు స్కూల్లో కెమిస్ట్రీ చెప్పినదాన్ని. పిల్లల ల్యాబ్ రికార్డులు దిద్దీ దిద్దీ, చూసింది చూసినట్టు రాయడం మాత్రం అబ్బింది.

నేను ఆయన భార్యకు చెల్లెల్ని. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదన్న కథ ఇక్కడ అనవసరం. అక్కావాళ్ళ ఇంటి పైగదిలో ఉంటూ స్కూలుకు వెళ్ళేదాన్ని. భోజనం కిందే, పోట్లాట కిందే, పేపరు చదవడమూ కిందే. బావగారు నన్ను 'టీచరమ్మా' అని పిలుస్తారు. వేళాకోళంగా మొదలుపెట్టిన ఆ పిలుపు అలాగే ఉండిపోయింది.

మనిషి చూడటానికి పోలీసులా ఉండరు. పొట్టి, బక్కపలచ, దళసరి కళ్ళజోడు. గొంతు ఎంత మెత్తనంటే ఫోనులో మాట్లాడుతుంటే పక్కగదిలో వాళ్ళకు వినపడదు. యూనిఫాం వేసుకుంటే ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుండేది. కొత్తగా వచ్చిన పాలవాడు ఏడాది పాటు ఆయన్ని బ్యాంకు ఉద్యోగి అనుకున్నాడు. ఆ సంగతి తెలిసి అక్క చిన్నబుచ్చుకుంది గానీ, బావగారు మాత్రం ఎవరో మెడల్ ఇచ్చినంత సంబరపడ్డారు.

ఉగ్రవాద నిరోధక విభాగంలో పన్నెండేళ్ళు చేశారు. ఆ పన్నెండేళ్ళలో ఆయన తుపాకీ పేలింది సాధన చేసే మైదానంలోనే. మిగతా కాలమంతా చూడటం, రాసుకోవడం, మళ్ళీ చూడటం. ఒకసారి ఏదో దర్జీ దుకాణం పైన గది అద్దెకు తీసుకుని, ఎదురింటి మూడో అంతస్తు కిటికీని ఏడు వారాలు చూశారు. ఆ ఇంట్లో ఒంటరిగా ఉండే కుర్రాడు రోజూ పొద్దున్న దిగివచ్చి, మూల మీద బేకరీలో ఒక చిన్న రొట్టె కొనుక్కుని పైకి వెళ్ళేవాడు. అంతే, ఇంకేమీ జరిగేది కాదు. తోటి ఆఫీసర్లకు విసుగొచ్చి వంతులు తప్పించుకునేవారు. ఈయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని రోజూ ఒక పుస్తకంలో 'రొట్టె ఒకటి' అని రాసేవారు. నలభై రెండో రోజున 'రొట్టెలు రెండు' అని రాశారట. అందరూ నవ్వారు, ఆకలేసిందేమోలే అన్నారు. మర్నాడూ రెండే. ఆ పై వారం నాలుగు. అప్పుడు ఇంక ఎవరూ నవ్వలేదు. ఒక మంగళవారం పొద్దున్న పదింటికి ఇద్దరిని బేకరీ వరసలో, ఇద్దరిని మంచాల మీద పట్టుకున్నారు. మంచాల కింద ఒక బస్టాండును నేలమట్టం చేసేంత మందుగుండు దొరికింది. ఒక్క తూటా పేలలేదు, ఒక్కరికి గీత పడలేదు.

మర్నాడు పేపర్లో ఫోటో వేరే ఆఫీసరుది పడింది. అన్నీ అయిపోయాక వచ్చి, బస్తాల పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడినాయనది. అక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏడు వారాలు కూర్చున్నది మీరు, ఫోటో ఆయనదా? మీరు ఒక్క మాటైనా అడగరా?"

"నా మొహం పేపర్లో పడితే, రేపు నేను ఏ కిటికీ దగ్గర కూర్చోవాలి?" అన్నారు ఆయన, ఎంతో తీరిగ్గా.

ఇదే విభాగంలో ఉండగా ఒక పొరపాటు కూడా జరిగింది. ఒకే పేరున్న ఇద్దరిలో, వెతుకుతున్నవాణ్ణి వదిలేసి ఒక సైకిళ్ళు బాగుచేసే మనిషిని తీసుకొచ్చి తొమ్మిది రోజులు ఉంచారు. పట్టుకొచ్చింది వేరే జట్టే అయినా, విడుదల కాగితం మీద సంతకం పెట్టింది బావగారు. ఆ మనిషిని తనే వెంటబెట్టుకుని వెళ్ళి దుకాణం తెరిపించి, వీధిలో అతని పరువు నిలబడాలని యూనిఫాంలోనే రోజంతా ఆ బల్ల మీద కూర్చున్నారు. పోలీసును చూసి ఆ రోజు ఒక్కడూ సైకిలు తేలేదు. చివరికి ఆ మనిషే "సార్, మీరు దయచేసి ఇంటికెళ్ళండి, నాకు బేరం పోతోంది" అని దండం పెట్టాడట. ఈ కథ చెప్పి బావగారు తన మీద తనే నవ్వుకుంటారు. కానీ అప్పట్నుంచి తెలిసినదానికీ అనుకున్నదానికీ మధ్య అడ్డుగీత గీసి మరీ రిపోర్టులు రాసేవారు.

తర్వాత అవినీతి నిరోధక శాఖకు బదిలీ అయింది. గిట్టనివాళ్ళను అక్కడికి పంపుతారని పేరు. బంధువులు ఒకరి తర్వాత ఒకరు పరామర్శకొచ్చి, ఇంట్లో ఎవరో మంచాన పడ్డట్టు గొంతు తగ్గించి మాట్లాడారు. బావగారు మాత్రం హాయిగా ఉన్నారు. ఇక నుంచి మధ్యాహ్నం భోజనం మధ్యాహ్నమే దొరుకుతుందని ఆయన ఆనందం.

నాకు కూడా ఆ ఉద్యోగం నచ్చింది, ఎందుకంటే అందులో నా సబ్జెక్టు ఉంది. లంచం అడిగారని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, వాళ్ళు ఇవ్వబోయే నోట్లకు ఫినాఫ్తలీన్ అనే తెల్లటి పొడి పూస్తారు. కంటికి కనిపించదు. ఆ నోట్లు ముట్టుకున్న చేతుల్ని సోడా కలిపిన నీళ్ళలో ముంచితే నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. ఏటా పిల్లలకు ల్యాబ్‌లో నేను చూపించే తమాషానే ఇది. ఆ నీళ్ళను సీసాలో పోసి, సీలు వేసి, కోర్టులో పెడతారు.

ఈ పనికి బావగారు పెట్టిన నియమాలు శాఖలో పెద్ద జోకు. పొడి పూసిన కానిస్టేబులు ఆ రోజు ఆఫీసు గుమ్మం దాటకూడదు. సోడా నీళ్ళు కలిపేది వేరే మనిషి. బయలుదేరే ముందు జట్టులో ప్రతివాడూ, బావగారితో సహా, సాక్షుల ఎదుట చేతులు సోడా నీళ్ళలో ముంచి రంగు రాలేదని చూపించాలి. పొడి తగిలిన ప్రతి వస్తువూ, కింద పరిచిన కాగితంతో సహా, ఆఫీసులోనే బీరువాలో ఉండిపోవాలి. కుర్రాళ్ళు వెనకాల ఆయన్ని 'మడి సారు' అనేవారు. ఆయనకు తెలుసు, ఏమీ అనుకునేవారు కాదు.

ఆ నియమాలతోనే హాస్పిటల్ కొనుగోళ్ళ అధికారిని పట్టుకున్నారు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని వెచ్చగా ఉంచే పెట్టెలు కొనడానికి కంపెనీవాళ్ళ దగ్గర లంచం తిని, రెండు నెలలకే మూలపడే సరుకు కొన్న మహానుభావుడు ఆయన. ఆ కేసు బావగారి సర్వీసులోకెల్లా పెద్దది. కోర్టులో విచారణ ఇంకా మొదలవ్వాల్సి ఉంది.

ఇక అసలు సంగతికొస్తాను.

ఇళ్ళ అనుమతులిచ్చే ఆఫీసులో ఒక సూపరింటెండెంటు ఉండేవాడు. ఆ మనిషంటే నాకు పీకలదాకా కోపం. నా గదికి బయటి నుంచి మెట్లు కట్టించుకోవడానికి అనుమతి అడిగితే నాలుగు నెలలు కాళ్ళరిగేలా తిప్పాడు. ఒకసారి కాగితం తక్కువన్నాడు, ఒకసారి ఎక్కువన్నాడు. అతని మీద ఒక కాంట్రాక్టరు ఫిర్యాదు చేశాడని, గురువారం బావగారి జట్టే వెళ్ళి పట్టుకుందని పేపర్లో చదివి నేను ఆ పూట కాఫీలో చక్కెర ఒక చెంచా ఎక్కువేసుకున్నాను. నోట్లు అతని టేబులు మీద ఫైలు కింద దొరికాయట. 'నేను ముట్టుకోలేదు, ఆయనే పెట్టి వెళ్ళాడు' అని ఏడ్చాడట. కానీ చేతులు ముంచితే నీళ్ళు గులాబీ రంగయ్యాయి. దాంతో అతని నోరు పడిపోయింది. ఆ సాయంత్రమే సస్పెండు చేశారు.

శనివారం పొద్దున్న అక్క కింద నుంచి కేకేసింది.

"ఏమే, ఒకసారి ఇలా రా. మీ బావ జేబులో ఎర్ర పెన్ను పెట్టుకున్నట్టున్నారు. తెల్లబట్టలన్నీ పాడైపోతున్నాయి."

దిగి వెళ్ళి చూస్తే, బట్టలు నానబెట్టిన బకెట్టులో నీళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. అక్క తెల్లబట్టల్ని ఎప్పుడూ వాషింగ్ సోడాలోనే నానబెడుతుంది. సిరా అయితే చారలు చారలుగా దిగుతుంది. ఇది అలా లేదు. నేను ఒక్కొక్క బట్టే తీసి చూశాను. చొక్కాలు కావు, బనీన్లు కావు. బావగారి రుమాలు. దాన్ని పిండితే రంగు ఇంకా చిక్కగా కారింది. వంటింట్లోంచి అరచెక్క నిమ్మకాయ తెచ్చి, ఒక మగ్గు నీళ్ళలో పిండాను. రంగు మాయమైంది.

"హమ్మయ్య," అంది అక్క. "కెమిస్ట్రీ చదివినందుకు ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చావు."

సిరా రంగు నిమ్మరసానికి అలా పోదు, ఇది నోట్లకు పూసే ఆ పొడే. ఆ వారం బావగారు వెళ్ళింది ఒకే ఒక్క చోటికి.

ఆయన ముందుగదిలో పేపరు చదువుతున్నారు. నోరు మూసుకుని ఉండాల్సింది అని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. కానీ ల్యాబ్‌లో తేడా వస్తే చెప్పకుండా ఉండలేని రోగం నాది.

"బావగారూ, గురువారం మీరు తీసుకెళ్ళిన రుమాలు ఎవరైనా వాడారా?"

ఆయన పేపరు దించి నా మొహం చూశారు. ఇంకేమీ అడగకుండా లేచి వచ్చి, బకెట్టు పక్కన పీట మీద కూర్చున్నారు. రుమాలును అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత ఒక్కో ముక్కా చెప్పుకుంటూ వచ్చారు, నాకు కాదు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

గురువారం మధ్యాహ్నం కానిస్టేబులు నోట్లకు పొడి పూస్తున్నాడు. భయంతో వణుకుతున్న కాంట్రాక్టరు మోచెయ్యి తగిలి మంచినీళ్ళ గ్లాసు బోర్లాపడింది. నీళ్ళు నోట్ల మీదికి పరిగెడుతుంటే, బావగారు చటుక్కున జేబులో రుమాలు తీసి టేబులు తుడిచేశారు. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కున్నారు, సోడా నీళ్ళలో ముంచారు, రంగు రాలేదు. అన్నీ పద్ధతి ప్రకారమే. కానీ తడి రుమాలు బీరువాలోకి పోకుండా, ఎప్పటి అలవాటు ప్రకారం జేబులోకి పోయింది. అక్కడ, ఆ ఆఫీసులో, సూపరింటెండెంటు చెమటలు కారుస్తూ, ముక్కు చీదుతూ ఏడుస్తుంటే ఈయనకు జాలేసింది. రుమాలు తీసి ఇచ్చారు. అతను మొహం తుడుచుకున్నాడు, చేతులూ తుడుచుకున్నాడు. ఐదు నిమిషాల తర్వాత ఆ చేతుల్నే నీళ్ళలో ముంచారు.

"అంటే ఆ రంగు నోట్లది కాకపోవచ్చు," అన్నారు బావగారు. "నాది కావచ్చు."

నేను గబగబా తలుపు దగ్గరగా వేశాను.

"కాకపోవచ్చు, కావచ్చు. నోట్లవీ అయ్యుండొచ్చుగా? అతను తినే మనిషే. నన్ను నాలుగు నెలలు తిప్పాడు."

"నిన్ను డబ్బు అడిగాడా?"

"నోరు తెరిచి అడగలేదు. చూపులతో అడిగాడు."

"చూపుల్ని ఏ నీళ్ళలో ముంచను టీచరమ్మా?"

నాకు కోపం ఆగలేదు. "మీ మంచితనానికో దండం. ఇది బయటపెడితే అతనొక్కడితో ఆగుతుందా? ఆ హాస్పిటల్ వాడి లాయరు చేతికి మీరే కర్ర ఇచ్చినట్టు. ఈ రుమాలు ఇంకెన్ని చోట్ల తిరిగిందో అంటాడు. పసిపిల్లల ఉసురు పోసుకున్నవాడు దర్జాగా బయటికొస్తాడు. మీరు పట్టుకున్న ప్రతివాడూ వస్తాడు."

"వస్తారేమో," అన్నారు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "ముప్పై ఒక్క ఏళ్ళుగా కోర్టులో నేను చెప్పిన మాట చెల్లుతోంది. నాకున్న ఆస్తి అదొక్కటే. సోమవారం నుంచి చెల్లకపోవచ్చు. భయంగానే ఉంది."

ఆయన నోటి వెంట భయం అన్న మాట నేను అంతకు ముందు వినలేదు. మందుగుండు బస్తాల గురించి చెప్పినప్పుడు కూడా అనలేదు.

"మీ అక్కకు చెప్పావా?"

"లేదు."

"పిలువు. ఆవిడే మొదటి సాక్షి."

అక్క వచ్చింది. రుమాలును ఆరబెట్టి, కవరులో పెట్టి, అంటించి, దాని మీద మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించారు. నేను చేసిన నిమ్మకాయ పరీక్ష కూడా టైముతో సహా ఒక కాగితం మీద రాయించుకున్నారు. అక్క పెన్ను పట్టుకుని ఆయన వంక అలాగే చూసింది.

"ఏమండీ, మీ రుమాలు ఉతికిన పాపానికి నన్ను కోర్టుకు లాగుతారా?"

"పిలిస్తే రావాలి మరి," అన్నారు ఆయన. అక్క నిట్టూర్చి సంతకం పెట్టింది. ఆ ఇంట్లో ఆయన మీద నాకు వచ్చినన్ని కోపాలు అక్కకు రాలేదు. వచ్చి ఉంటే కాపురం వేరేలా ఉండేది.

సోమవారం ఆయన జరిగింది జరిగినట్టు నాలుగు పేజీలు రాసి పై ఆఫీసరుకు ఇచ్చారు. ఆ పెద్దమనిషి చదివి, తలుపు వేయించి, "ఇది వెనక్కి తీసుకోండి, నేను చూడలేదనుకుంటాను" అన్నాడట. "ప్రాసిక్యూటరుగారికి నకలు ఇచ్చే వచ్చానండి" అన్నారట మా బావగారు. మెత్తగా కనిపిస్తారు గానీ, ఒకసారి పట్టు పట్టారంటే మొండిఘటం.

సూపరింటెండెంటు మీద కేసు ఎత్తేశారు. అతని తరఫు లాయరు పొడుగాటి మనిషి, క్రాస్ పరీక్షలో సాక్షుల్ని ఆగకుండా కోస్తాడని కోర్టులో అందరూ 'రంపం' అంటారు. ఆ నాలుగు పేజీల నకలు తీసుకోవడానికి రంపం స్వయంగా బావగారి ఆఫీసుకు వచ్చాడు. మొదటిసారి నిలబడి చదివాడట. రెండోసారి కుర్చీ లాక్కుని చదివాడట. మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు మాకు గడ్డుగానే గడిచింది. పేపర్లో ఒక కార్టూను వేశారు, పెద్ద రుమాలు కప్పుకుని నడుస్తున్న పోలీసు బొమ్మ. శాఖ పెద్ద పదవి ఈయనకే అని అందరూ అనుకున్నది, ఈయనకంటే ఐదేళ్ళు చిన్నవాడికి పోయింది. మా స్టాఫ్‌రూములో లెక్కల మాస్టారు "మీ బావగారి రుమాలు ఒకటి మాకూ ఇప్పించండి, జలుబు చేసింది" అన్నాడు. ఇప్పించలేదు గానీ, ఆయన ఆ ఏడాదంతా నా ఎదురు కుర్చీలో కూర్చోకుండా ఉండేంత జవాబు మాత్రం ఇచ్చాను. సూపరింటెండెంటు తిరిగి ఉద్యోగంలో చేరాడు. రెండు వారాల్లో నా మెట్లకు అనుమతి ఇంటికి నడిచొచ్చింది. అతను మొదట్నుంచీ మంచివాడో, భయపడి మంచివాడయ్యాడో నాకు ఇప్పటికీ తెలియదు. మెట్లు మాత్రం బావున్నాయి.

పాత కేసులన్నీ తిరగెయ్యమని బావగారే అడిగి మరీ ఒక కమిటీ వేయించుకున్నారు. నలభై మూడు ఫైళ్ళు. పద్నాలుగు నెలలు పట్టింది. ఎవరు పొడి పూశారు, ఎవరు నీళ్ళు కలిపారు, ఎవరి చేతులు ఎప్పుడు ముంచారు, అంతా రాసి ఉంది కాబట్టి నలభై రెండు నిలబడ్డాయి. ఒకదానిలో, ఒక అటెండరు కేసులో, నీళ్ళు కలిపినవాడి పేరు రాయలేదు. దాన్ని కూడా వదిలేయమని ఆయనే రాశారు. ఈ పద్నాలుగు నెలలూ ఆయన మొహంలో దిగులు కనిపిస్తుందేమోనని నేను కాచుకుని కూర్చున్నాను. మామూలుగానే తిన్నారు, మామూలుగానే పేపరు కప్పుకుని నిద్రపోయారు. నాకే నిద్ర పట్టేది కాదు. బావగారూ, మీకు బాధగా లేదా అని ఒకసారి అడిగేశాను. "ఉంది. కానీ దాచుకోవడానికి ఏమీ లేదు కదా, అందుకని తేలిగ్గా ఉంది" అన్నారు.

రెండేళ్ళకు హాస్పిటల్ కేసు విచారణకొచ్చింది. నిందితుడు పెట్టుకున్న లాయర్లు నలుగురు. వాళ్ళకు పెద్ద, రంపం. నాలుగు పేజీలూ అతని జేబులో ఉన్నాయి. బావగారి మాట చెల్లకుండా చెయ్యడానికి ఇంకేం కావాలి?

మూడు సాయంత్రాలు భోజనాల బల్ల దగ్గర తర్ఫీదు జరిగింది. నేను అక్క నల్ల శాలువా కప్పుకుని రంపం అయ్యాను. చేతిలో గరిటె.

"అయ్యా, చేతుల పరీక్షలో పొరపాటు జరగొచ్చని మీరే ఒప్పుకున్నారు. అవునా కాదా?"

"అవును."

"రుమాలు సంగతి మీ ఇంట్లో బట్టలుతికితే గానీ తెలియలేదు. మీ భార్య ఆ వారం బట్టలు సోడాలో నానబెట్టకపోయి ఉంటే?"

ఆయన నా చేతిలో గరిటె వంక చూశారు. "తెలిసేది కాదు," అన్నారు. "ఈ ప్రశ్న బావుంది. రాసుకో, మళ్ళీ అడుగు."

అక్క వంటింట్లోంచి, "ఆ గరిటె ఇస్తే కూర కలుపుకుంటాను లాయరుగారూ" అంది.

విచారణ రోజు నేను స్కూలుకు సెలవు పెట్టి వెళ్ళి రెండో వరసలో, సరిగ్గా నిందితుడి వెనక కూర్చున్నాను. రంపం గంటన్నర కోశాడు. తేదీలు, తాళాలు, బీరువా, జీపు ఎన్నింటికి బయలుదేరింది, ఎన్నింటికి ఆగింది. బావగారు ఆ మెత్తటి గొంతుతోనే తెలిసింది తెలుసన్నారు, గుర్తులేనిది గుర్తులేదన్నారు. జడ్జిగారు రెండుసార్లు గొంతు పెంచమన్నారు. అప్పుడు రంపం తన ఫైల్లోంచి ఆ నాలుగు పేజీలు బయటికి తీశాడు. మడతలు చూసి నేను పోల్చుకున్నాను. బోనులో బావగారు కళ్ళజోడు సర్దుకుని సిద్ధంగా నిలబడ్డారు.

రంపం ఆ కాగితాల వంక చూశాడు. మళ్ళీ ఫైల్లో పెట్టేశాడు.

"చేతుల పరీక్ష గురించి ఈ సాక్షిని నేను అడగదలచుకున్నది ఏమీ లేదు," అన్నాడు జడ్జితో.

నిందితుడు గాభరాగా అతని కోటు పట్టుకుని లాగి ఏదో గుసగుసలాడాడు. రంపం వంగి, చిన్నగా, విసుగ్గా ఒక మాట చెప్పి కూర్చున్నాడు. ఆ మాట వాళ్ళిద్దరికీ, వెనక ఉన్న నాకూ తప్ప ఎవరికీ వినపడలేదు.

తీర్పు తర్వాత వచ్చింది, ఆరేళ్ళు పడింది. అదంతా పేపర్లలో ఉంది. నేను చెప్పాల్సింది ఆ రోజు బస్సులో ఇంటికి వస్తున్నప్పటి సంగతి.

కిటికీ పక్కన బావగారు, ఇటు నేను. ఆయన మొహం ముడుచుకుని ఉంది.

"మూడు రోజులు చదివాను. ఒక్కటి కూడా అడగలేదు," అన్నారు. పరీక్ష వాయిదా పడిన పిల్లల మొహాలు నాకు తెలుసు, అచ్చం అలాగే ఉన్నారు. "ఎందుకు అడగలేదంటావు? ఏదో ఎత్తు ఉండి ఉంటుంది."

"ఎత్తు లేదు, ఏమీ లేదు. అతను క్లయింటుతో చెప్తుంటే విన్నాను."

"ఏమన్నాడు?"

"'ఆయన తప్పు చేసి ఉంటే మనకంటే ముందు ఆయనే కోర్టుకు చెప్పేవాడు, మీరు ఊరుకోండి' అన్నాడు."

బావగారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. ఒక స్టాపు దాటింది. "మళ్ళీ చెప్పు," అన్నారు. నేను చెప్పాను. ఇంకో స్టాపు దాటాక, నా వైపు తిరగకుండానే, "ఇంకోసారి," అన్నారు. క్లాసులో ఎవరైనా ఒకే మాట మూడుసార్లు చెప్పించుకుంటే నేను బెంచీ ఎక్కించేదాన్ని. ఆ రోజు మాత్రం ఒక్క అక్షరం పోకుండా మూడోసారి కూడా చెప్పాను.